కొత్త కారుకి పాత పుట్టీ

మా బావ కారు కొని నాలుగు నెలలైంది. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక ఆటో వెనక తలుపుని రాసుకుంటూ పోయింది. పెద్ద దెబ్బేం కాదు, జానెడు గీత. ఇన్సూరెన్స్‌కి పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుందని, తెలిసిన టింకరింగ్ షాపుకి తీసుకెళ్లాం. మేస్త్రి గీతని గోరుతో గీకి, కాసేపు అలాగే వంగి చూశాడు. లోపలికెళ్లి ఒక పాత స్పీకరు అయస్కాంతం తెచ్చి, జేబురుమాలులో చుట్టి ముందు తలుపుకి ఆనించాడు. గట్టిగా పట్టుకుంది. అలాగే జరుపుకుంటూ వెనక తలుపు హ్యాండిల్ కిందికి వచ్చేసరికి అయస్కాంతం జారి అతని అరచేతిలో పడింది.

“ఇది కంపెనీ రంగు కాదు బాబూ. కింద పుట్టీ ఉంది. ఇంతకు ముందే ఎవలో పని చేసినారు” అన్నాడు. సొట్టలు పూడ్చడానికి రంగు కింద పూసే ముద్దే పుట్టీ. అది మందంగా ఉన్నచోట అయస్కాంతం పట్టుకోదు.

బావ నమ్మలేదు. షోరూం నుంచి నేరుగా అరసవల్లి తీసుకెళ్లి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చిన బండి. మేస్త్రి తలుపు రబ్బరు బీడింగ్‌ని కాస్త ఎత్తి చూపించాడు. అంచున వెంట్రుక మందాన తెల్ల రంగు. కంపెనీలో రంగు వేశాకే బీడింగ్ బిగిస్తారు. బీడింగ్ మీద రంగు పడిందంటే, అది బిగించాక ఎవరో స్ప్రే కొట్టారన్నమాట.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో అందరూ లాయర్లే. “మాన్యుఫ్యాక్చరింగ్ డిఫెక్ట్ కేసు వేసీ, చచ్చినట్టు కొత్త బండి ఇస్తారు” అన్నది ఎక్కువమంది మాట. ఇలాంటి కేసుల్లో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే అని నా అభిప్రాయం. అసలు చిక్కుముడి కూడా ఇదే.

లోపం వేరు, దాచడం వేరు

తయారీ లోపం అంటే కారు కంపెనీ గేటు దాటేటప్పటికే అందులో ఉన్న తప్పు. ఇంజిన్, గేర్‌బాక్స్, స్టీరింగ్ లాంటివి పుట్టుకతోనే సరిగా లేకపోవడం. అది నిరూపించే భారం చాలావరకు కొన్నవాడి మీదే పడుతుంది. నిపుణుడి నివేదిక కావాలి. ఒకవేళ నిరూపించినా, కొత్త కారు వస్తుందన్న నమ్మకం లేదు. క్లచ్ గొడవతో మారుతీ మీద వేసిన ఒక కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ ప్రకారం కంపెనీ మార్చాల్సింది చెడిపోయిన భాగాన్నే తప్ప మొత్తం కారుని కాదని చెప్పింది.

మరి బావ కారులో తయారీ లోపం ఏముంది? ఏమీ లేదు. ఇంజిన్ బంగారంలా ఉంది. తలుపు చక్కగా పడుతోంది. నిపుణుడొచ్చి చూస్తే “వాహనంలో తయారీ లోపం కనిపించలేదు” అని నిజాయితీగానే రాస్తాడు. ఆ ఒక్క వాక్యంతో కేసు పోతుంది. తప్పు గుమ్మం తట్టినందుకు పోతుంది, అన్యాయం జరగనందుకు కాదు.

తట్టాల్సిన గుమ్మం వేరే ఉంది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతులంటే ఏమిటో చెబుతుంది. బాగుచేసిన, మరమ్మతు చేసి కొత్త రూపు ఇచ్చిన, వాడేసిన, పాతబడిన సరుకుని కొత్తదని చెప్పి అమ్మడం అందులో స్పష్టంగా ఉంది. సెక్షన్ 2(11) సేవాలోపం గురించి చెబుతూ, వినియోగదారుడికి తెలియాల్సిన సమాచారాన్ని కావాలని తొక్కిపెట్టడాన్ని కూడా లోపంగానే లెక్కిస్తుంది. ఈ రెండింటిలో ఎక్కడా బండి చెడిపోయి ఉండాలన్న షరతు లేదు. బండి ఎలా ఉందన్నది ఇక్కడ రెండో ప్రశ్న. అమ్మినవాడికి ఏం తెలుసు, కొన్నవాడికి ఏం చెప్పాడు అన్నదే మొదటిది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 ప్రకారం కూడా, తెలిసిన విషయాన్ని కావాలని కప్పిపుచ్చడం మోసమే. పోలీస్ స్టేషన్‌కి కూడా వెళ్లవచ్చు గాని, “ఇది సివిల్ మేటర్ కదండీ” అనే మాట విని తిరిగి రావడానికి సిద్ధపడి వెళ్లాలి.

ఎంత రిపేరైతే చెప్పాలి?

షోరూం వాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. శ్రీపెరంబుదూరు నుంచో, పెనుకొండ నుంచో, గురుగ్రామ్ నుంచో ట్రైలర్ల మీద వందల కిలోమీటర్లు వచ్చే కార్లకి గీతలు పడతాయి. యార్డులో ఒకదాని వెనక ఒకటి ఇరికించి నిలుపుతారు. పైగా 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన ప్రాంతం మనది. ఆరుబయట నిలిపిన బండికి గాలివానలో ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి చిన్న గీతనీ కొనేవాడికి చెప్పుకుంటూ కూర్చోవాలా అని వాళ్లడుగుతారు.

ఈ ప్రశ్న మీద ప్రపంచంలో పేరుపడ్డ కేసు ఒకటుంది. అమెరికాలోని అలబామాలో 1990లో ఒక డాక్టరు 40,750 డాలర్లు పెట్టి కొత్త బీఎండబ్ల్యూ కొన్నాడు. తొమ్మిది నెలల తర్వాత, ఇంకాస్త మెరుగు పెట్టిద్దామని పాలిష్ షాపుకి తీసుకెళితే అక్కడివాడు మన మేస్త్రి చెప్పిందే చెప్పాడు. దార్లో యాసిడ్ వానకి రంగు పాడైతే కొంత భాగానికి మళ్లీ రంగు వేయించారు. దానికైన ఖర్చు 601 డాలర్లు. ధరలో మూడు శాతం లోపు రిపేరైతే డీలరుకి కూడా చెప్పక్కర్లేదన్నది అప్పట్లో ఆ కంపెనీ నియమం. జ్యూరీ నష్టపరిహారం 4,000 డాలర్లు, శిక్షగా 40 లక్షల డాలర్లు వేసింది. అలబామా సుప్రీంకోర్టు శిక్షని సగానికి తగ్గించింది. 1996లో అమెరికా సుప్రీంకోర్టు అది కూడా మరీ ఎక్కువంది. చివరికి 50 వేల డాలర్ల దగ్గర తేలింది.

ఈ కథని మనవాళ్లు 40 లక్షల డాలర్ల కోసం చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో పనికొచ్చే అంకె ఆ 4,000. రిపేరు ఖర్చు 601 అయితే నష్టం 4,000 ఎలా అయింది? మళ్లీ రంగు పడిన కారు విలువ పది శాతం తగ్గుతుందన్న సాక్ష్యాన్ని జ్యూరీ నమ్మింది. అంటే రిపేరుకి ఎంతైందన్నది నష్టానికి కొలత కాదు. రేపు మనం ఆ బండి అమ్మబోతే కొనేవాడు ఎంత తగ్గిస్తాడన్నది కొలత. ఇప్పుడు పాత కార్లు కొనేవాళ్లు రంగు మందం కొలిచే మీటరు జేబులో పెట్టుకు వస్తున్నారు. అప్పుడు యార్డులో తగిలిందంటే ఎవరు నమ్ముతారు? మనమే గుద్ది ఉంటామనుకుంటారు.

మన చట్టంలో అలాంటి మూడు శాతం గీత ఏదీ లేదు. అందుచేత ప్రతి కేసూ దాని వాస్తవాల మీదే తేలుతుంది. బంపర్ మీద గీతకి పాలిష్ పెట్టడం ఒకటి. తలుపు సొట్ట తీసి, పుట్టీ కొట్టి, రంగు వేయడం మరొకటి. 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్న జిల్లాలో పుట్టీ కిందికి ఉప్పుగాలి తేమ చేరితే నాలుగేళ్లకి రంగు పొక్కుతుంది. తలుపు మార్చడం, పిల్లర్ (పైకప్పుని మోసే ఇనుప స్తంభం) దగ్గర వెల్డింగ్ చేయడం దాకా వెళితే అది ఇక అందచందాల విషయం కాదు, ప్రాణాల విషయం. ఇదంతా ఒకే తాసులో తూచడం కుదరదు.

డీలరా, కంపెనీయా?

గోవాలో ఒకాయన 2011 మోడల్ కారుకి డబ్బు కడితే, షోరూం వాళ్లు అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిన 2009 బండి అంటగట్టారు. కింది వినియోగదారుల కమిషన్లు డీలర్నీ, టాటా మోటార్స్‌నీ ఇద్దరినీ బాధ్యుల్ని చేశాయి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కంపెనీని తప్పించింది. కంపెనీ డీలరుకి బండి అమ్మేస్తుంది, డీలరు మనకి అమ్ముతాడు. అవి రెండు వేరువేరు బేరాలు. డీలరు చేసిన మోసం కంపెనీకి తెలుసని చూపిస్తే తప్ప కంపెనీని పట్టుకోలేమని ఆ తీర్పు సారాంశం.

కాబట్టి “కంపెనీ పెద్దది, దాని మీద వేస్తే ఎక్కువ వస్తుంది” అనే లెక్క ఇక్కడ పనిచేయదు. అయినా ఫిర్యాదులో కంపెనీని రెండో ప్రతివాదిగా పెట్టమనే నేను చెబుతాను. డబ్బు కోసం కాదు, కాగితాల కోసం. ఫ్యాక్టరీ నుంచి బండి ఏ తేదీన, ఏ స్థితిలో బయల్దేరిందో కంపెనీ రికార్డు చెబుతుంది. శుభ్రంగా వెళ్లిందని కంపెనీ తన రక్షణ కోసం తానే చెప్పుకుంటే, డీలరు నెత్తి మీద పడుతుంది. దార్లోనే దెబ్బ తగిలిందని డీలరు చెబితే, ఆ సంగతి ఎవరెవరికి తెలుసో బయటపడుతుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకోవడంలోనే మనకి కావాల్సిన నిజం దొరుకుతుంది.

రుజువు ఎక్కడ దొరుకుతుంది?

మేస్త్రి “పని మొదలెట్టమంటారా” అని అడిగినప్పుడు బావ తలూపబోయాడు. ఆపాను. ఆ తలుపే మన సాక్షి. కొత్త రంగు వేయించామంటే సాక్ష్యం మన చేత్తో మనమే చెరిపేసినట్టు. ఆ గీతతోనే బావ ఏడెనిమిది నెలలు తిరిగాడు. చూసిన ప్రతివాడూ “ఏటి, బండి ఎక్కడ గుద్దీసినావు” అని అడగడం, బావ పళ్లు నూరడం.

అయస్కాంతం అనుమానానికి పనికొస్తుంది, కమిషన్ ముందు నిలవదు. అక్కడికి కొలత కావాలి. కంపెనీ రంగు మందం మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మళ్లీ రంగు పడితే 200 దాటుతుంది. పుట్టీ ఉంటే దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. ఒక్క తలుపు కాదు, బానెట్, పైకప్పు, నాలుగు తలుపులూ కొలిచి పక్కపక్కన రాయించాలి. ఒకే బండిలో తేడా కనిపించడమే అసలు సంగతి. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు మీటరు పనిచేయదు. తలుపు కబ్జాల బోల్టుల మీద రంగు పగిలిందా, అద్దాల అంచున ఉండే తయారీ గుర్తుల్లో ఒక్కటే వేరే ఏడాదిదా అన్నవి కూడా ఫొటోలు తీసి పెట్టుకోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫ్యాక్టరీలోనే రంగు సరిగా రాకపోతే అక్కడే రెండోసారి వేస్తారు. కాబట్టి మందం ఎక్కువున్నంత మాత్రాన దెబ్బ తగిలిన బండి అని తేలదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు వేశారన్నది చూపించాలి. అది ఉండేది డీలరు బీరువాలో. బండి యార్డుకి వచ్చినప్పుడు రాసుకున్న చిట్టా, డెలివరీకి ముందు చేసే తనిఖీ షీటు, బండికి చేసిన పని రాసే జాబ్ కార్డులు, రవాణా ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఏదైనా ఉంటే అది. అడిగితే ఇవ్వరు. కానీ సెక్షన్ 38 కింద జిల్లా కమిషన్‌కి కాగితాలు తెప్పించుకోవడంలో సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. ఫిర్యాదుతో పాటే ఫలానా చాసిస్ నంబరుకి చెందిన ఫలానా కాగితాలు తెప్పించండని విడిగా దరఖాస్తు పెట్టాలి. ఉండాల్సిన కాగితం దాఖలు చేయకపోతే, అది వాళ్లకి వ్యతిరేకంగా ఉందని కమిషన్ అనుకునే వీలుంది. నిపుణుడి చేత పరీక్ష చేయించమని కూడా ఇదే సెక్షన్ కింద కోరవచ్చు. అయితే ఆ నిపుణుడికి వెళ్లే ప్రశ్న “తయారీ లోపం ఉందా” అని ఉండకూడదు. “ఈ తలుపుకి ఫ్యాక్టరీ తర్వాత పుట్టీ, రంగు పడ్డాయా” అని ఉండాలి. ప్రశ్న తప్పుగా రాస్తే జవాబూ తప్పుగానే వస్తుంది.

బావ విషయంలో మరో ఊళ్లో ఉన్న అదే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చాసిస్ నంబరు కొట్టించి చూశాం. ఏమీ లేదు. యార్డులో బయటి పెయింటర్‌ని పిలిచి చేయించే పనికి జాబ్ కార్డు ఎవరు రాస్తారు? రుజువు దొరికింది వాట్సాప్‌లో. బావ ఫొటో పెట్టి అడిగితే సేల్స్ కుర్రాడు “మైనర్ టచప్ సార్, యార్డులో గేటు తగిలింది, అన్ని బళ్లకీ మామూలే” అని జవాబిచ్చాడు. బావ అక్కడికక్కడే తిట్ల దండకం టైప్ చేయబోయాడు. ఫోను లాక్కుని “ఏ తేదీన?” అని మాత్రం పంపాను. “డెలివరీకి వారం ముందు” అని వచ్చింది. దెబ్బ తగిలింది, వాళ్లకి తెలుసు, డెలివరీకి ముందే తెలుసు. మూడు ముక్కలూ వాళ్ల నోటితోనే. ఇలాంటి సందేశాల స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఆ ఫోను అలాగే ఉంచుకోవాలి. దాఖలు చేసేటప్పుడు ఫోన్‌లోని ఎలక్ట్రానిక్ రికార్డుకి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కోరే సర్టిఫికెట్ జతచేస్తే ఇక పేచీ ఉండదు.

డెలివరీ రోజున సంతకం పెట్టిన కాగితం సంగతి చాలామందికి టెన్షన్. “వాహనం మంచి కండిషన్‌లో అందుకున్నాను” అని అందులో ఉంటుంది. డీలరు మొదట చూపించేది అదే. కంటికి కనిపించే వాటికి ఆ సంతకం వర్తిస్తుంది. రంగు కింద దాచినదాన్ని చూసి ఒప్పుకున్నానని దానర్థం కాదు.

ఎక్కడ, ఎంతలో

కారు విశాఖలో కొన్నా, ఉండేది నరసన్నపేట అయితే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. గజపతినగరం వాళ్లకి విజయనగరం కమిషన్. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకునే హక్కు 2019 చట్టం తెచ్చిన మంచి మార్పుల్లో ఒకటి. బుకింగ్ ఫారం వెనక “విశాఖపట్నం కోర్టుల పరిధికి లోబడి” అని అచ్చేసి ఉన్నంత మాత్రాన వెనక్కి తగ్గక్కర్లేదు. గొడవని మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా అంతే.

చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషనే. ఫీజు 5 లక్షల దాకా లేదు, 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000 రూపాయలు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతిలో దాఖలు చేయవచ్చు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే కొన్నిసార్లు అక్కడే తెగిపోతుంది. టాక్సీ నడుపుకోడానికి కొన్నవాళ్లు కూడా, అది సొంత జీవనోపాధి కోసమైతే, వినియోగదారులే.

గడువు రెండేళ్లు. దాచిన సంగతి కాబట్టి తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు. కానీ డెలివరీ రోజు నుంచే లెక్కేసుకుని ఆలోపే వేసేయడం క్షేమం. ప్రతివాది 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15. పరీక్షలు అక్కర్లేని కేసు మూడు నెలల్లో, కావాల్సినది ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. అంత వేగంగా తేలుతుందని లెక్క పెట్టుకుని మాత్రం వెళ్లొద్దు. ఓడిన డీలరు విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కి అప్పీలుకి వెళ్లాలంటే, కట్టమన్న డబ్బులో సగం ముందు జమ చేయాలి. కేవలం కాలయాపన కోసం అప్పీలు వేసేవాళ్లకి ఇది పెద్ద ముకుతాడు.

ఏం అడగాలన్నది ఆఖరి చిక్కు. కారు మార్చడం, డబ్బు వాపసు, ధరలో తేడా, మనోవేదనకి పరిహారం, శిక్షగా అదనపు మొత్తం ఇవన్నీ ఇప్పించే అధికారం సెక్షన్ 39 కింద ఉంది. ఒక తలుపు రంగుకి కొత్త కారు మాత్రమే కావాలని భీష్మించుకుంటే కమిషన్‌కి అది అత్యాశగా కనిపిస్తుంది. కారు మార్చండి, అది కుదరకపోతే తగ్గిన విలువ ఇప్పించండి అని రెండు మెట్లుగా అడగడం మేలు. చాసిస్‌కి, పిల్లర్‌కి దెబ్బ తగిలిన బండి అయితే ఈ మొహమాటం అక్కర్లేదు. కారు మార్చమనే గట్టిగా పట్టుబట్టాలి.

ఇంకా కొనబోయేవాళ్లయితే, రిజిస్ట్రేషన్ కాకముందే పగటి వెలుతురులో బండి చూడండి. “ఈ చాసిస్ నంబరు వాహనానికి ఎలాంటి రిపేరూ, రీపెయింటూ జరగలేదు” అని ఈమెయిల్లో ఒక్క ముక్క రాయించుకోండి. రాయడానికి నీళ్లు నమిలితే ఇంకో బండి చూపించమనండి.

బావ కేసు కమిషన్ దాకా వెళ్లలేదు. వాట్సాప్ సందేశాలు జతచేసి స్పీడ్ పోస్టులో పంపిన నోటీసు అందాక, అంతవరకు ఫోనెత్తని మేనేజరు తనే ఇంటికొచ్చాడు. రెండు దఫాలు టీ తాగాక ఒక మొత్తానికి ఒప్పందం కుదిరింది. ఇంకొంచెం పట్టుబడితే బాగుండేదని నాకు ఇప్పటికీ ఉంది. “వాయిదాలకి నేను తిరగలేనురా” అన్నాడు బావ. అక్క కూడా ఆయన వైపే. ఎంతిచ్చారో రాద్దామనుకున్నాను గాని, ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదని చెక్కుతో పాటు ఒక కాగితం మీద బావ చేత సంతకం పెట్టించుకుని వెళ్లారు.